కడుపులో సిర ఉబ్బినప్పుడు

గుంటూరు వైద్య మిత్రులకు, ముఖ్యంగా రోజంతా స్కానింగ్ గదుల్లో గడిపే యువ వైద్యులకు నమస్కారం.

అన్యూరిజం, అంటే రక్తనాళం గోడ ఒకచోట ఉబ్బడం, అనగానే మన ఆలోచన ధమనుల మీదికే పోతుంది. పేగులు, ప్లీహం నుంచి కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిరలో పీడనం మామూలుగా 5 నుంచి 10 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే కాబట్టి, అక్కడ గోడ ఉబ్బడం అరుదు, ఉబ్బినా పగలడం ఇంకా అరుదు. బార్జిలై, క్లెక్నర్ అనే వైద్యులు దీన్ని తొలిసారి నమోదు చేసింది 1956లో.

కొన్నేళ్ల కిందట మిరప కోతలకు వెళ్లే ఒకామె, పొట్ట పైభాగం బరువుగా ఉంటోందని నా దగ్గరికి వచ్చారు. వేరొకచోట ఇచ్చిన రిపోర్టులో క్లోమం తల దగ్గర సిస్టు (నీటి తిత్తి) ఉందని, సూదితో నీరు తీసి పరీక్షకు పంపాలని రాసి ఉంది. ప్రోబ్ పెట్టి చూస్తే నల్లగా, గుండ్రంగా, నున్నని అంచులతో అచ్చం తిత్తిలాగే కనిపించింది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ మీట నొక్కగానే ఆ నలుపు సగం ఎర్రగా, సగం నీలంగా నిండి నెమ్మదిగా సుడి తిరగసాగింది. ప్లీహం నుంచి, పేగుల నుంచి వచ్చే సిరలు కలిసేచోట 3 సెంటీమీటర్ల మేర ఉబ్బిన పోర్టల్ సిర అది. అందులో సూది దిగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

ఆరోగ్యవంతుల్లో ఈ సిర వెడల్పు సాధారణంగా 15 మిల్లీమీటర్లు దాటదు. 20 దాటి, అటూ ఇటూ ఉన్న భాగం కంటే స్పష్టంగా ఉబ్బి ఉంటే అన్యూరిజం అంటాం. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) వల్ల పోర్టల్ పీడనం పెరగడం, క్లోమం వాపు, దెబ్బలు, పుట్టుకతో వచ్చిన లోపం దీనికి కారణాలు. ఉబ్బు విస్తృతి, లోపలి రక్తపు గడ్డలు తెలియాలంటే సిర దశలో, అంటే ఎక్కించిన రంగుమందు సిరల్లోకి చేరినప్పుడు, తీసిన సీటీ కావాలి.

బాధ లేకుండా, గడ్డ కట్టకుండా, పెరగకుండా ఉన్నదాన్ని కదిలించకుండా గమనిస్తూ ఉండటమే మేలని నా నమ్మకం. గడ్డ కడితే రక్తం పలచబరిచే మందులు అవసరం కావచ్చు, కానీ సిర్రోసిస్ ఉన్నవారిలో ముందుగా ఎండోస్కోపీతో అన్నవాహికలోని ఉబ్బు సిరలను చూసుకోవాలి. పిత్తనాళాన్నో ఆంత్రమూలాన్నో (చిన్నపేగు మొదటి భాగం) ఒత్తుతున్నా, వేగంగా పెరుగుతున్నా శస్త్రచికిత్స ఆలోచించాలి. అయితే పోర్టల్ పీడనం అధికంగా ఉన్నప్పుడు దాన్ని తగ్గించకుండా గోడను మాత్రమే కుట్టి లాభం లేదు. శరీరం కింది భాగం రక్తాన్ని గుండెకు చేర్చే అధోమహాసిరలో ఉబ్బు వస్తే లెక్క వేరు, అక్కడ కట్టిన గడ్డ నేరుగా ఊపిరితిత్తులకు చేరగలదు.

భోజనం చేసినా, గాఢంగా ఊపిరి పీల్చినా పోర్టల్ సిర వెడల్పు పెరుగుతుంది కనుక, ఆమెను ప్రతిసారీ పరగడుపున రమ్మని, వెల్లకిలా పడుకోబెట్టి, అదేచోట కొలుస్తున్నాను. వచ్చినప్పుడల్లా ఆమె గుడ్డసంచిలోంచి పాత ఫిల్ములన్నీ వరసగా తీసి బల్ల మీద పెడతారు. కొత్త కొలత రాసే ముందు నేను వాటినే చూస్తాను.