ఎమ్డెన్: బొగ్గు చుట్టూ తిరిగిన యుద్ధనౌక

అందరికీ నమస్కారం.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మద్రాసు. అక్కడ ఆ ఓడ చేసింది నిమిషాల పని. మిగతా కాలమంతా దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌ను శత్రువుల కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ ఓడకు ఇంధనమైన బొగ్గు. అందుకే ఇవాళ ఆ వైపు నుంచి చెబుతాను.

డాన్‌జిగ్‌లోని జర్మన్ ప్రభుత్వ నౌకానిర్మాణ కేంద్రంలో 1906లో పని మొదలైంది. 1908 మేలో ఓడను నీటిలోకి దించారు, 1909లో నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 118 మీటర్లు, పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు. అదే తరగతి ఓడ డ్రెస్డెన్‌కు కొత్తరకం టర్బైన్లు పెట్టి, దీనికి మాత్రం పాత పిస్టన్ ఇంజిన్లే బిగించారు. అలాంటి ఇంజిన్లతో కట్టిన చివరి జర్మన్ క్రూయిజర్ (వేగంగా తిరిగే మధ్యస్థాయి యుద్ధనౌక) ఇదే. 1910లో చైనా తీరంలోని జర్మన్ స్థావరం చింగ్‌తావ్‌కు బయల్దేరింది, మళ్లీ జర్మనీ ముఖం చూడలేదు.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. అక్కడి జర్మన్ నౌకల దండుకు అధిపతి అడ్మిరల్ ఫాన్ స్పే తన నౌకలన్నిటితో పసిఫిక్ దాటాలనుకుంటే, తనను ఒంటరిగా హిందూ మహాసముద్రానికి పంపమని ముల్లర్ అడిగాడు. అక్కడ జర్మనీకి ఒక్క రేవు కూడా లేదు. వెంట ఉన్నది మార్కొమానియా అనే బొగ్గు ఓడ ఒక్కటే. ఇది ధైర్యమా, తెగింపా అంటే నేను తెగింపనే అంటాను.

సెప్టెంబరు 10న బంగాళాఖాతంలో వేట మొదలైంది. మూడు పొగగొట్టాల ఓడకు కాన్వాసుతో నాలుగోది కట్టి బ్రిటిష్ నౌకలా కనిపించేలా చేశారు. మొదట చిక్కిన పొంటొపొరోస్ అనే సరుకు ఓడ నిండా మన దేశపు బొగ్గే, తగలబెడితే పొగ ఎక్కువ. తర్వాత దొరికిన ఇండస్‌లో సబ్బులు దండిగా ఉన్నాయి. బొగ్గు మోసి నల్లబడ్డ నావికులకు అంతకన్నా ఏం కావాలి! పట్టుకున్న ఓడల్లోని జనాన్ని దించాకే ముల్లర్ వాటిని ముంచేవాడు. కబింగాలో కెప్టెన్ భార్యాబిడ్డా ఉన్నారని ఆ ఓడను ముంచకుండా, పట్టుబడ్డవాళ్లను అందులో ఎక్కించి పంపేశాడు.

సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా అప్పటి రాజధాని అదే. రేవులో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎమ్డెన్ దగ్గరికొచ్చి, సెర్చిలైట్లు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద సుమారు 125 గుండ్లు పేల్చింది. కిరోసిన్ భగ్గుమంది. నష్టం కన్నా భయం పెద్దది: జనం మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలారు. జర్మనీలో ఉండి మన స్వాతంత్ర్యం కోసం పనిచేసిన చెంపకరామన్ పిళ్లై ఆ ఓడలో ఉండి దారి చూపాడని ఒక కథ తిరుగుతుంది. దానికి నమ్మదగిన ఆధారం లేదు.

ఆ వారంలోనే సిలోను (నేటి శ్రీలంక) దగ్గర బ్యురెస్క్ అనే ఓడ చిక్కింది. అందులో ఉన్నది బ్రిటిష్ నౌకాదళం కోసమే తీసుకెళ్తున్న ఆరు వేల టన్నులకు పైగా మేలురకం వేల్స్ బొగ్గు! ఇంకేం, ముల్లర్ దాన్నే వెంటబెట్టుకున్నాడు. అక్టోబరు 28న పెనాంగ్ రేవులో దూరి రష్యా క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను, బయట ఫ్రెంచి ఓడ మూస్కెను ముంచాడు.

నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో ఉన్న టెలిగ్రాఫ్ కేంద్రాన్ని పాడుచేయడానికి లెఫ్టినెంట్ ఫాన్ ముకె వెంట సుమారు 50 మందిని దించాడు. వాళ్లు ఒడ్డు చేరకముందే కేంద్రంవాళ్లు వైర్‌లెస్‌లో కబురు పంపేశారు. కాసేపటికి దూరంగా పొగ కనిపించింది. బొగ్గు కోసం తాను రమ్మన్న బ్యురెస్కే వస్తోందనుకున్నాడు ముల్లర్. వచ్చింది ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ, ఆరంగుళాల ఫిరంగులతో. ఎమ్డెన్ మొదట గురి బాగానే చూసుకుంది గానీ, బరువైన గుండ్ల ముందు నిలవలేకపోయింది. మునిగిపోకుండా ఉత్తర కీలింగ్ దీవి దిబ్బల మీదికి ముల్లరే ఓడను ఎక్కించాడు. 130 మందికి పైగా జర్మన్లు చనిపోయారు, సిడ్నీలో నలుగురు.

ఒడ్డున మిగిలిపోయిన ముకె బృందం ఆయెషా అనే పాత తెరచాప పడవను పట్టుకుని సుమత్రా చేరింది. అక్కడి నుంచి మరో ఓడలో అరేబియాకు, ఆపైన నేలమీద 1915 మేలో ఇస్తాంబుల్‌కు. గాలితో నడిచే పడవ కదా, వాళ్లకిక బొగ్గు బెంగ లేదు. ఎమ్డెన్ శిథిలాన్ని మాత్రం 1950లలో ఒక జపాన్ కంపెనీ తుక్కు కింద చాలావరకు కోసి పట్టుకుపోయింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.