మూడో భాగంలోనూ రెండోవాడే

సభాధ్యక్షులకు, ఫిల్మ్ సొసైటీ కార్యవర్గ సభ్యులకు, మిత్రులందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటల్లో సగానికి నేను అర్హుణ్ణి కాను కాబట్టి కృతజ్ఞతలు చెప్పి ఊరుకుంటాను. కాని చివర్లో నవ్వుతూ, "ఈరోజు వక్త చవకబారు సినిమాల గురించి మాట్లాడతారు" అన్న ఆ ఒక్క మాటను మాత్రం వదిలిపెట్టలేను. తక్కువ డబ్బుతో తీసిన సినిమాలో పనిచేసిన నటుడు తక్కువ చెమటేమీ ఓడ్చడు. పెద్ద సినిమాలో కథానాయకుడి బదులు దూకడానికి మరొకరుంటారు, దెబ్బ తగిలితే షూటింగు వాయిదా పడుతుంది. చిన్న సినిమాలో దూకవలసినవాడూ, దెబ్బ తగిలించుకోవలసినవాడూ, మర్నాడు పొద్దున మళ్ళీ కెమెరా ముందు నిలబడవలసినవాడూ చాలాసార్లు ఒక్కడే.

ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి "తక్కువ బడ్జెట్ యాక్షన్ చిత్రాలు: వాటి ఆర్థిక స్వరూపం" అని శీర్షిక అచ్చువేశారు. ఆ శీర్షిక నేను ఇచ్చినదే, ఆ లెక్కలు కొంతవరకు చెబుతాను కూడా. అయితే ఆ లెక్కలు ఒక మనిషి జీవితాన్ని ఎలా కొలిచాయో చెప్పడం నాకు ఎక్కువ ముఖ్యం. ముందుగా మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. 1985లో వచ్చిన "అమెరికన్ నింజా" చూసినవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, సంతోషం. అందులో హీరోకు తోడుగా ఉండే కండలు తిరిగిన నల్లజాతి సైనికుడు గుర్తున్నవారు? దాదాపు అవే చేతులు. ఆ నటుడి పేరు తెలిసినవారు? చూశారా, ఇద్దరే మిగిలారు. ఆయన పేరు స్టీవ్ జేమ్స్. నా ప్రసంగం ఇక ఆయన గురించే.

లెక్కలు ముందు ముగిస్తాను. 1979లో మెనాహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ అనే ఇద్దరు ఇజ్రాయెలీలు, వరసకు అన్నదమ్ములు, అమెరికాలో చతికిలబడిన కానన్ అనే కంపెనీని కొన్నారు. ముందు పోస్టరు వేయించడం, ఆ పోస్టరును కాన్ చిత్రోత్సవానికీ, 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన అమెరికన్ ఫిల్మ్ మార్కెట్‌కూ పట్టుకెళ్ళి దేశాలవారీగా బయ్యర్లకు హక్కులు అమ్మడం, ఆ ఒప్పందాలను బ్యాంకుకు చూపించి అప్పు తెచ్చి, ఆ తరువాత తీరిగ్గా సినిమా తీయడం వారి పద్ధతి. వీడియో క్యాసెట్ల దుకాణాలు వీధివీధినా వెలసిన కాలం కావడంతో ఈ పద్ధతి కొన్నేళ్ళు అద్భుతంగా నడిచింది. 1986లో ఆ కంపెనీ చేతిలో 40కి పైగా చిత్రాలు తయారయ్యాయి. ఇలాంటి వ్యాపారంలో కథ, దర్శకత్వం, నటన అన్నీ తరువాతి మాట. బయ్యరు డబ్బు కట్టేది పోస్టరు మీది ముఖానికి. నల్లజాతి హీరో ముఖం ఉన్న పోస్టరు విదేశాల్లో అమ్ముడుపోదన్నది అప్పటి పంపిణీదారుల్లో పాతుకుపోయిన నమ్మకం. ఆ నమ్మకానికి రుజువులు ఎవరూ అడగలేదు. అడగకపోవడం వల్లనే అది అంతకాలం బతికింది.

స్టీవ్ జేమ్స్ 1952 ఫిబ్రవరి 19న న్యూయార్క్‌లో పుట్టారు. చిన్నతనం నుంచీ యుద్ధవిద్యలు నేర్చుకున్నారు, కుంగ్‌ఫూలో మంచి సాధన ఉన్నవారు. 1970ల చివర్లో స్టంట్ పనులతో సినిమాల్లోకి వచ్చారు. కాస్త గుర్తింపు తెచ్చిన మొదటి పాత్ర 1980 నాటి "ది ఎక్స్‌టెర్మినేటర్"లోది. అందులో ఆయన వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడు. యుద్ధంలో స్నేహితుడి ప్రాణం కాపాడతాడు. న్యూయార్క్‌లో ఒక రౌడీ మూక దాడి చేసి అతన్ని జీవచ్ఛవాన్ని చేస్తుంది. ఇక అక్కడి నుంచి సినిమా అంతా తెల్లజాతి స్నేహితుడి ప్రతీకారమే. స్టీవ్ జేమ్స్‌కు మిగిలింది ఆసుపత్రి మంచం. నేను ఈ సినిమాను చిన్నచూపు చూడటం లేదు, దాని పద్ధతిలో అది గట్టిగా తీసిన సినిమాయే. కాని మిత్రులారా, ఆయన తరువాతి పదేళ్ళూ ఎలా నడిచాయో ఈ ఒక్క సినిమాలోనే రాసిపెట్టి ఉంది. ఆయన నేల మీద పడితే తప్ప మరొకరి కథ లేవదు.

ఇప్పుడు "అమెరికన్ నింజా" దగ్గరకు వద్దాం. ఫిలిప్పీన్స్‌లో తీశారు, దర్శకుడు శామ్ ఫర్‌స్టెన్‌బర్గ్. కథానాయకుడు మైకేల్ డూడికాఫ్ మోడలింగ్ నుంచి నటనకు వచ్చినవారు. ఆయనకు అప్పటికి యుద్ధవిద్యల్లో చెప్పుకోదగిన శిక్షణ లేదు. మైక్ స్టోన్ అనే కరాటే నిపుణుడు పోరాటాలు కూర్చి, ఆయనకు నేర్పి, కెమెరా ముందు నిలబెట్టారు. డూడికాఫ్ కష్టపడి నేర్చుకున్నారు, తెర మీద ఆయన మౌనం బాగుంటుంది, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కాని ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషి పక్కన నిలబడితే, కొత్తగా నేర్చుకుంటున్న మనిషి నింజా, అంటే చాటుగా దెబ్బతీసే జపాన్ యోధుడు, అయ్యాడు. మొదట హీరోతో తగవుపడి, తరువాత ప్రాణస్నేహితుడై, చివర్లో తుపాకి పట్టుకుని వచ్చి శత్రువులను ఊచకోత కోసే కర్టిస్ జాక్సన్ పాత్రను స్టీవ్ జేమ్స్ ఎంత హుషారుగా చేశారంటే, ఆయన లేని సన్నివేశాల్లో సినిమాకు ఊపిరాడదు. ఆ సినిమా అమెరికా థియేటర్లలోనే కోటి డాలర్లకు పైగా వసూలు చేసింది. కానన్ కంపెనీ ఆనందించింది. మరుసటి పోస్టరుకు ముఖం దొరికింది. ఎవరి ముఖమో మళ్ళీ చెప్పనక్కరలేదు.

1986లో అదే దర్శకుడు, అదే ఇద్దరు నటులు కలిసి "అవెంజింగ్ ఫోర్స్" చేశారు. న్యూ ఆర్లియన్స్ నేపథ్యం. స్టీవ్ జేమ్స్ పాత్ర పేరు లారీ రిచర్డ్స్, సెనేట్‌కు పోటీచేస్తున్న నల్లజాతి నాయకుడు. జాత్యహంకారంతో రగిలే ధనవంతుల ముఠా ఒకటి అతన్నీ అతని కుటుంబాన్నీ వేటాడుతుంది. యాక్షన్ చిత్రాల్లో అలాంటి పాత్ర, చదువూ హోదా రాజకీయమూ ఉన్న నల్లజాతి మనిషి, అప్పట్లో అరుదు. చూస్తూ చూస్తూ, ఈసారి నిజంగా ఆయన కథే చెబుతారేమోనని ఆశపడతాం. సినిమా సగానికి రాకుండానే కొడుకు పోతాడు, తరువాత ఆయనా పోతాడు. మిగిలిన సినిమా మళ్ళీ తెల్లజాతి స్నేహితుడి ప్రతీకారం. 1980 నాటి కథే ఆరేళ్ళ తరువాత మళ్ళీ.

అదే కాలంలో "ది డెల్టా ఫోర్స్"లో ఆయన కమాండో దళంలో ఒకరు, 1988లో "హీరో అండ్ ది టెర్రర్"లో చక్ నోరిస్‌కు జోడీ పోలీసు. ఏ పెళ్ళికి వెళ్ళినా తోడుపెళ్ళికొడుకు పీట ఆయనకే సిద్ధంగా ఉండేది. ఆ పీట మీద కూడా మనిషి ఠీవిగా కూర్చున్నాడన్నది వేరే సంగతి.

ఇక నేను ఎక్కడ మొదలుపెట్టినా వచ్చి ఆగే చోటు, "అమెరికన్ నింజా" మూడో భాగం. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, గమనించాను. అయినా ఇది పూర్తిగా చెప్పాలి. 1987లో వచ్చిన రెండో భాగాన్ని దక్షిణాఫ్రికాలో తీశారు. ఆ కాలాన్ని గుర్తుచేసుకోండి. అక్కడ వర్ణవివక్ష చట్టంగా అమల్లో ఉంది, నెల్సన్ మండేలా జైల్లో ఉన్నారు. అక్కడికి వెళ్ళి ప్రదర్శనలిచ్చే కళాకారుల పేర్లతో ఐక్యరాజ్యసమితి 1983 నుంచి ఒక జాబితా ప్రచురిస్తోంది. 1986లో అధ్యక్షుడు రేగన్ వీటోను కూడా తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ దక్షిణాఫ్రికాపై ఆంక్షల చట్టం తెచ్చింది. అలాంటి దేశానికి చిన్న నిర్మాతలు ఎందుకు వెళ్ళారు? సినిమాలకు అక్కడ పన్ను రాయితీలిచ్చేవారు, పని చవకగా జరిగేది. ఆ చవకదనం ఎవరి శ్రమ మీద నిలిచిందో మీకు వివరించనక్కరలేదు. చర్మం రంగును బట్టి మనుషులను విడదీసే నేల మీద, తెల్ల హీరోకు నల్ల స్నేహితుడుగా స్టీవ్ జేమ్స్ నటించారు. ఆ సినిమాలో ఆయనకు మొదటి భాగం కన్నా ఎక్కువ చోటు దొరికింది. నవ్వించే సంభాషణలూ, ఒంటిచేత్తో గుంపును మట్టుబెట్టే పోరాటాలూ ఆయనవే. ప్రేక్షకులు ఆ పాత్రను ఎంత ఇష్టపడుతున్నారో కంపెనీకి తెలియదని నేను నమ్మను.

మూడో భాగం సమయానికి డూడికాఫ్ తప్పుకున్నారు. నింజా పాత్రల మీద విసుగు ఒక కారణమైతే, దక్షిణాఫ్రికాలో షూటింగు మరో కారణం. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. ఇప్పుడు ఆలోచించండి. రెండు భాగాలు ఆడాయి. హీరో వెళ్ళిపోయాడు. రెండు భాగాల్లోనూ ఉన్నవాడు, ప్రేక్షకులు గుర్తుపట్టేవాడు, యుద్ధవిద్యల్లో ఆరితేరినవాడు, నవ్వించగలిగినవాడు ఒకడు అక్కడే, చేతికందేంత దూరంలో ఉన్నాడు. ఏ లెక్క ప్రకారం చూసినా మూడో భాగం అతనిది కావాలి. కంపెనీ ఏం చేసింది? అంతకుముందు హీరోగా తెర మీద కనిపించని డేవిడ్ బ్రాడ్లీని తెచ్చి, కొత్త పేరుతో కొత్త హీరోను సృష్టించి, కర్టిస్ జాక్సన్‌ను ఆ కొత్త మనిషికి స్నేహితుణ్ణి చేసింది. 1989లో ఆ సినిమా వచ్చింది. పాత స్నేహితుడు ఎక్కడికి పోయాడో కూడా కథ పట్టించుకోదు. బ్రాడ్లీ మంచి కరాటే యోధుడే, కాదనను. కాని స్టీవ్ జేమ్స్ ఆ సెట్టుకు ప్రతిరోజూ వెళ్ళి, తనకు రావలసిన చోటులో కొత్తగా నిలబడ్డ మనిషిని తన భుజం మీద మోసి, సినిమాను ఒడ్డుకు చేర్చారు. నాలుగో భాగంలో బ్రాడ్లీ ఉన్నారు, డూడికాఫ్ కూడా తిరిగొచ్చారు. ఇద్దరు హీరోలకు చోటు సరిపోయింది. స్టీవ్ జేమ్స్ లేరు.

ఆయన ముఖం పోస్టరు మీదకు ఎప్పుడూ రాలేదా అంటే, వచ్చింది. 1989లో శామ్ ఫర్‌స్టెన్‌బర్గే ఆయనను "రివర్‌బెండ్"కు కథానాయకుణ్ణి చేశారు. 1966లో జార్జియా రాష్ట్రం. సైనిక విచారణను ఎదుర్కొంటూ తప్పించుకున్న నల్లజాతి అధికారులు, జాత్యహంకారి అయిన షెరిఫ్, అంటే స్థానిక పోలీసు అధికారి, కింద నలిగే ఊరి ప్రజలకు శిక్షణ ఇచ్చి తిరగబడేలా చేయడం అందులోని కథ. కథనం అక్కడక్కడ కుంటుతుంది, నిజమే. కాని మేజర్ శామ్యూల్ క్వెంటిన్‌గా ఆయన నిలబడే తీరు చూస్తే, ఈ మనిషిని ఇన్నాళ్ళూ పక్కన నిలబెట్టినవారి మీద కోపం రాక మానదు. 1990లో "స్ట్రీట్ హంటర్" వచ్చింది. దాని రచనలో కూడా ఆయన చెయ్యి ఉంది. ఎవరూ రాయని పాత్రను తానే రాసుకోవలసి వచ్చింది. అది గొప్ప సినిమా అని మీతో వాదించను. అందులో ఆయన ఎవరి పక్కనా నిలబడలేదు, నాకు అది చాలు.

మధ్యలో ఒక చిన్న విషయం చెప్పి ముందుకు వెళతాను. 1991 నాటి "మెక్‌బెయిన్" సినిమాను "ది ఎక్స్‌టెర్మినేటర్" తీసిన జేమ్స్ గ్లికెన్‌హాస్ తీశారు. అందులో స్టీవ్ జేమ్స్ పాత్ర పేరు ఈస్ట్‌లాండ్. పదకొండేళ్ళ క్రితం ఆయన కోసం ప్రతీకారం తీర్చుకున్న తెల్ల హీరో పేరు కూడా ఈస్ట్‌లాండే. పేరు మాత్రం ఇచ్చారు, కథ మళ్ళీ మరొకరిదే.

టెలివిజన్ విషయం తప్పించుకుపోయాననుకోకండి. ఇలాంటి నటులకు సినిమాకూ సినిమాకూ మధ్య ఇల్లు గడిపేది టెలివిజనే. విలియం ఫ్రీడ్‌కిన్ ఆయనను 1985లో "టు లివ్ అండ్ డై ఇన్ ఎల్.ఎ."లో చిన్న పాత్రకు తీసుకుని, వెంటనే 1986లో "సి.ఎ.టి. స్క్వాడ్" టెలిఫిల్ములోనూ, 1988లో దాని రెండో భాగంలోనూ ముఖ్యపాత్ర ఇచ్చారు. దర్శకుల్లో ఆయన విలువ తెలిసినవారు లేకపోలేదు. డూడికాఫ్‌కు 1993లో "కోబ్రా" అనే సీరియల్‌లో కథానాయక పాత్ర దొరికింది. అదే సంవత్సరం డిసెంబరు 18న స్టీవ్ జేమ్స్ క్యాన్సర్‌తో మరణించారు. ఆయన వయసు 41. ఆయన నటించిన "మాంటిస్" పైలట్ చిత్రం, అంటే సీరియల్‌కు ముందు నమూనాగా తీసినది, ఆ మరుసటి జనవరిలో ప్రసారమైంది. నల్లజాతి శాస్త్రవేత్త నాయకుడుగా, చుట్టూ ఎక్కువమంది నల్లజాతి నటులతో తీసిన పైలట్ అది. సీరియల్‌గా మొదలయ్యేసరికి నాయకుడు తప్ప మిగతా నటవర్గం చాలావరకు మారిపోయింది. ఆయన బతికి ఉన్నా ఆ సీరియల్‌లో ఉండేవారా అని నన్ను అడగకండి, జవాబు మీకే తెలుసు.

ఆర్థిక స్వరూపం గురించి ఇంకా చాలా చెప్పవలసింది ఉంది, చెప్పలేదు, క్షమించండి. అధ్యక్షులవారికీ, కార్యవర్గానికీ ఒక విన్నపం మాత్రం చేసి దిగుతాను. వచ్చే నెల ప్రదర్శనకు "అమెరికన్ నింజా" మొదటి భాగం వేస్తామని ప్రకటించారు. దానికి బదులు "రివర్‌బెండ్" వేయండి. ఆ సినిమా దొరకకపోతే, మొదటిది వద్దు, మూడో భాగం వేయండి. ప్రకటనలో నటీనటుల పేర్లు రాసేటప్పుడు మొదటి పేరు ఎవరిది రాయాలో తీర్మానించే అధికారం మన సొసైటీకే ఉంది కదా, ఆ తీర్మానాన్ని ఈ సభలోనే ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చేతులెత్తండి.