పాపకు అర్థమైంది మాటా, సైగా?

[దృశ్యం: బల్ల మీద బంతి, కప్పు, చెంచా. ఎదురుగా రెండేళ్ల పాప.]

వ్యాఖ్యానం: "మాటలు రావడం లేదు గానీ, మేం చెప్పేవన్నీ అర్థమవుతాయండీ." స్పీచ్ థెరపిస్టులు తరచుగా వినే మాట ఇది. తల్లిదండ్రులు అబద్ధం చెప్పరు. అయినా పరీక్షించి చూడవలసిన మాటే.

[దృశ్యం: అమ్మ బంతి వైపు చెయ్యి చాపి, "బంతి ఇవ్వమ్మా" అంటుంది. పాప ఇస్తుంది.]

వ్యాఖ్యానం: పాపకు 'బంతి' అన్న మాట తెలిసిందా, అమ్మ చెయ్యి దారి చూపిందా? చేతులు ఒడిలో పెట్టుకుని, పాప ముఖం వైపే చూస్తూ మళ్లీ అడగండి. వస్తువుల చోట్లు మార్చి అడగండి. ప్రతిసారీ ఏదో ఒకటి అందిస్తుంటే, ఇన్నాళ్లూ పని చేసింది సైగ అన్నమాట. సైగను అందుకోవడమూ తక్కువ విద్య కాదు. థెరపిస్టు దాన్నీ రాసుకుంటారు.

వీటన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష జరగాలి. తలుపు చప్పుడుకు తిరిగి చూస్తోంది కదా అని దాటవేయకూడదు. మధ్య చెవిలో ద్రవం చేరితే పెద్ద చప్పుళ్లు వినిపిస్తూనే, మాటల్లోని మెత్తని ధ్వనులు జారిపోవచ్చు.

ఇక రెండేళ్లకు సుమారు 50 మాటలు, రెండేసి మాటల జతలు రావాలన్న కొలత చాలామంది విన్నదే. లెక్క తేలిక కాబట్టి దాని మీద మోజు ఎక్కువ. ఆ మాటలతో పాప చేసే పని ఏమిటి? అడుగుతోందా, వద్దంటోందా, విమానాన్ని వేలితో చూపి మీ ముఖం వైపు తిరుగుతోందా?

[దృశ్యం: పిట్టలాంటి వింత బొమ్మ. పక్కనే అలాంటిదే ఇంకొకటి.]

వ్యాఖ్యానం: కాస్త పెద్ద పిల్లలకు ఇంకో చిట్కా. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు ఇలాంటి బొమ్మకు 'వగ్' అని లేని పేరొకటి పెట్టి, రెండుంటే ఏమంటారని పిల్లలను అడిగారు. ఎన్నడూ వినని ఆ మాటకు చాలామంది ఇంగ్లీషు బహువచనం సరిగ్గా చేర్చారు. తెలుగులో 'టిబు' అని పేరు పెట్టి అడగవచ్చు. 'టిబులు' అన్న పాప ఆ మాటను ఎవరి దగ్గరా విని ఉండదు. నియమాన్ని తానే పట్టుకుంది.

రెండు భాషల మధ్య పెరిగే పిల్లలను ఒక్క భాషలోనే పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. రెండు భాషలు వినడం వల్ల లోపం రాదు. నిజమైన ఇబ్బంది ఉంటే రెండిటిలోనూ కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే కొన్ని కొత్త మాటలు నేర్పి, మళ్లీ అడిగి, ఎంత సాయంతో నేర్చుకుందో చూస్తారు.

వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఎదురుచూడవద్దు, వెంటనే చూపించండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన వీడియో ఒకటి ఫోనులో పెట్టుకోండి. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు.

[దృశ్యం: ఫోను తెర మీద పాప బొమ్మను జోకొడుతూ ఏదో చెబుతోంది. థెరపిస్టు వీడియో ఆపి, వెనక్కి జరిపి మళ్లీ వింటారు.]