నత్త ఉప్పును ఎలా కాపాడుకుంటుంది

అందరికీ నమస్కారం.

మాట్లాడే ముందు ఒక చిన్న పని చేస్తాను. ఈ మట్టి మూకుడులో ఉన్న నత్తను మార్చిలో భీమిలి వైపు ఎండిపోతున్న ఒక చెరువు బురదలోంచి తీశాను. అప్పటి నుంచి దీనికి నీళ్లు తగల్లేదు. గుల్ల మూత బిగించుకుని మూడు నెలలుగా ఇలాగే ఉంది. ఇప్పుడు దీన్ని ఈ గాజు తొట్టిలో పెడుతున్నాను. ఇందులో ఉన్నవి చెరువు నీళ్లే. కుళాయి నీళ్లు వాడలేదు, క్లోరిన్ దీనికి పడదు. మనం మాట్లాడుకుంటూ ఉందాం, దాని పని అది చూసుకుంటుంది.

ఇది పైలా అనే మంచినీటి నత్త. డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లకు పాత నేస్తం. ప్రాక్టికల్స్‌లో గుల్ల పగలగొట్టి, మైనపు ట్రేలో పిన్నులు గుచ్చి, రికార్డులో రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసి ఉంటారు. నేను చాలా ఏళ్లు ఆ ల్యాబ్‌లోనే పాఠం చెప్పాను. ఒకసారి ఒక అమ్మాయి బొమ్మ వేస్తూ తలెత్తి అడిగింది: "మేడమ్, ఇది ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కదా. దీనికి మూత్రపిండం ఎందుకు? మురికి నీళ్లలో కలిసిపోదా?"

"వ్యర్థాలు బయటికి పంపడానికమ్మా" అన్నాను. పుస్తకంలో ఉన్న మాటే అది. ఇంటికి వెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ అమ్మాయి అన్నదాంట్లో సగం నిజం ఉంది. నీళ్లలో ఉండే నత్త ఒంట్లో మాంసకృత్తులు విరిగినప్పుడు పుట్టే ప్రధాన వ్యర్థం అమ్మోనియా. అది విషమే, కానీ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మొప్పల మీదుగా, మెత్తటి చర్మం మీదుగా చాలావరకు దానంతటదే బయటికి జారిపోతుంది. దానికోసం ప్రత్యేకంగా ఒక అవయవం అక్కర్లేదు. మరి మూత్రపిండం చేసే అసలు పని ఏమిటి? ఈరోజు నేను చెప్పదలచుకున్నది అదే.

వానాకాలంలో మన పెరటి గోడల మీద పెద్ద ఆఫ్రికా నత్తలు పాకుతుంటాయి. వాటి మీద గుప్పెడు ఉప్పు చల్లడం చాలా ఇళ్లలో చూస్తాం. ఉప్పు ఒంట్లోని నీళ్లను బయటికి లాగేస్తుంది, నత్త ముడుచుకుని చచ్చిపోతుంది. చూడలేని చావు అది. ఈ నీటి నత్త కష్టం దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఉప్పు ఉన్నది దీని ఒంట్లో, లేనిది బయటి నీళ్లలో. అందుకే బయటి నీళ్లు ప్రతి క్షణం లోపలికి చొరబడుతూనే ఉంటాయి. దీన్నే ద్రవాభిసరణ అంటాం. కిస్‌మిస్ పండు నీళ్లలో నానితే ఉబ్బినట్టు, ఏ ఏర్పాటూ లేకపోతే నత్త కూడా ఉబ్బిపోవాలి.

ఉప్పులో ఉండే సోడియం లెక్క చూస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 470 మిల్లీమోల్ (పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత) సోడియం ఉంటుంది. మన రక్తంలో దాదాపు 140. లిమ్నియా అనే చిన్న చెరువు నత్త రక్తంలో 50 ప్రాంతంలో ఉంటుంది. అది బతికే శుభ్రమైన వాన నీటి చెరువులోనో, 1కి అటూ ఇటూ. తన చుట్టూ ఉన్నదానికంటే యాభై రెట్లు ఎక్కువ ఉప్పును ఒక మెత్తటి చర్మం వెనక దాచుకుని బతుకుతోంది ఆ జీవి.

మన విశాఖవాళ్లకు దీన్ని కళ్లారా చూసే వీలుంది. గోస్తని నది బొర్రా గుహల దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన చెరువుల్లో, కాలవల్లో ఉండే ఈ నత్తలు మొగ దగ్గర ఉప్పునీళ్లు తగలగానే కనిపించకుండా పోతాయి. అక్కడి నుంచి రాళ్లకు అంటుకుని వేరే గుల్లలు మొదలవుతాయి. సముద్రపు నత్త రక్తం దాదాపు సముద్రమంత ఉప్పగానే ఉంటుంది కాబట్టి నీళ్లు చొరబడే బెడద దానికి లేదు. రెండూ నత్తలే, రెండింటికీ మూత్రపిండం ఉంది, కానీ పని వేరు. ఆర్కే బీచ్ రాళ్ల మీద ఉన్న గుల్లను తీసుకొచ్చి ముడసర్లోవ మంచినీటి జలాశయంలో వేస్తే బతకదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. నత్త గుండె ఒక పలచటి సంచిలో ఉంటుంది, దాన్ని హృదయావరణం అంటాం. అందులో ఒక కర్ణిక, ఒక జఠరిక. గుండె కొట్టుకునేటప్పుడు ఆ ఒత్తిడికి రక్తంలోని పలచటి నీటి భాగం గోడలోంచి ఆ సంచిలోకి చెమర్చుతుంది. నత్తలు, ఆల్చిప్పలు చేరిన మొలస్కా జీవుల్లో చాలావాటికి వడపోత మొదలయ్యేది ఇలా గుండె దగ్గరే. రక్తానికి నీలం ఛాయ ఇచ్చే హీమోసయనిన్ పెద్ద అణువు, అది దాటలేదు. ఉప్పు, చక్కెర, నీళ్లు దాటుతాయి. మన ఒంట్లో ఈ పని మూత్రపిండం చేస్తుంది, ఇక్కడ గుండే జల్లెడ. పాఠం చెప్పిన ప్రతిసారీ నేను ఆగి ఆనందించే చోటు ఇది.

ఆ సంచిలోంచి ఒక చిన్న రంధ్రం మూత్రపిండంలోకి తెరుచుకుంటుంది. పైలాలో మూత్రపిండం ఒక్కటే, గదులు రెండు. వెనక గది పెద్దది, గోధుమ రంగులో ఉంటుంది, గుండె సంచితో కలిసేది అదే. ముందు గది ఎర్రగా ఉంటుంది. దాని లోపల పుస్తకం పేజీల్లా పలచటి మడతలుంటాయి, వాటి నిండా రక్తనాళాలు. ముందు గది ప్రావార కుహరంలోకి, అంటే గుల్లకూ ఒంటికీ మధ్య ఉన్న ఖాళీలోకి తెరుచుకుంటుంది. మూత్రం అక్కడి నుంచి బయటి నీళ్లలో కలుస్తుంది.

మడతలు ఎందుకంటే, వడగట్టిన నీళ్లలో ఉప్పు కూడా వచ్చేసింది కదా. దాన్ని అలాగే వదిలేస్తే నత్త కొద్ది రోజుల్లో ఖాళీ అయిపోతుంది. పైలాకు దగ్గరి చుట్టమైన దక్షిణ అమెరికా నత్త పొమాసియాలో ముందు గదే ఉప్పును తిరిగి రక్తంలోకి లాక్కుంటుంది. ఎంత ఎక్కువ మడతలుంటే అంత ఎక్కువ ఉప్పు వెనక్కి దక్కుతుంది. చివరికి బయటికి పోయేది రక్తం కంటే బాగా పలచని మూత్రం. ఎక్కువైన నీళ్లు పోయాయి, ఉప్పు మిగిలింది. ఎంత జాగ్రత్తపడినా కొంత జారిపోతుంది. ఆ లోటును చర్మం తీరుస్తుంది. పలచటి చెరువు నీళ్లలోంచి కూడా ఉప్పును ఏరుకుని, శక్తి ఖర్చుపెట్టి లోపలికి లాక్కుంటుంది. మంచినీటి జంతువులకు ఈ నేర్పు ఉందని 1930ల్లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో చూపించారు. రక్తనాళికల మీద చేసిన పనికి 1920లో నోబెల్ అందుకున్నది ఆయనే.

ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదీ. నీళ్లలో ఉన్నంతకాలం దీని మూత్రపిండానికి పారేయడం చిన్న పని, పోనివ్వకుండా పట్టుకోవడం పెద్ద పని.

ఈ అవయవాన్ని అపార్థం చేసుకున్నది మేమొక్కళ్లమే కాదు. ఆల్చిప్పల్లో దీన్ని వివరించిన లుడ్విగ్ బొజానస్ 1819లో దీన్ని ఊపిరితిత్తి అనుకున్నాడు. ఇప్పటికీ పాత పుస్తకాల్లో దీని పేరు బొజానస్ అవయవమే.

చేపల తొట్టి పెంచేవాళ్లు ఇక్కడ ఉంటే ఒక మాట. నత్తలు ఎక్కువయ్యాయని మైలుతుత్తం వేస్తుంటారు. అందులో ఉండే రాగి ఎక్కడ దెబ్బ కొడుతుందో తెలుసా? నీళ్లలోంచి సోడియాన్ని లాక్కునే ఆ ఏర్పాటు మీదే. నత్త ఒంట్లో ఉప్పు కారిపోతుంటే తిరిగి నింపుకోలేదు. చేపలకు కూడా అదే ఏర్పాటు మొప్పల్లో ఉంది, మోతాదు మించితే వాటికీ అదే గతి. దయచేసి చేత్తో ఏరి తీయండి. కష్టమే, కానీ ఒక్క గంట పని.

ఇక మూకుడులో మూడు నెలలు గడిపిన మన నత్త సంగతి. చెరువు ఎండితే కథ మొత్తం తలకిందులవుతుంది. అప్పటిదాకా నీళ్లు ఎక్కువని బాధ, ఇప్పుడు చుక్క కూడా పోకూడదు. మూత బిగిస్తుంది, మూత్రం ఆపేస్తుంది. మరి అమ్మోనియా? కరిగించడానికి నీళ్లు లేవు, లోపలే ఉంటే చంపేస్తుంది. అందుకని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది నీళ్లలో దాదాపు కరగదు, తెల్లటి పొడిలా పేరుకుంటుంది, ఎవరికీ హాని చేయదు. పక్షుల రెట్టలో తెల్లగా కనిపించేది కూడా ఇదే పదార్థం. పెరటి గోడ మీది ఆఫ్రికా నత్త ఏడాది పొడుగునా ఈ పద్ధతే పాటిస్తుంది. పైలా మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. ఒకే మూత్రపిండం, వానాకాలంలో ఒక లెక్క, వేసవిలో ఇంకో లెక్క.

ఆ పొడిని ఉత్త చెత్త అనుకోకండి. పొమాసియా మీద అర్జెంటీనాలో జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఇలాంటి వేసవి నిద్ర లేచాక ఒంట్లో దాచిన ఈ యూరిక్ ఆమ్లం నిల్వలు తగ్గుతాయి. నెలల తర్వాత ఒక్కసారిగా ఆక్సిజన్ ఒంట్లోకి దూసుకొస్తే కణాలకు నష్టం జరుగుతుంది. ఆ నష్టాన్ని ఆపడంలో యూరిక్ ఆమ్లం తోడ్పడుతుంది. మన ఒంట్లో ఇదే పదార్థం కీళ్లలో పేరుకుంటే గౌట్ అని మంచం పడతాం, ఈ నత్తకు మాత్రం అది కవచం.

ఇంకా చెప్పాలని ఉంది. గుల్లసున్నం గురించి, గొర్రెలకు జలగ రోగం మోసుకొచ్చే లిమ్నియా గురించి. కానీ ముందు వరసలో పిల్లలు నా వైపు చూడటం మానేసి చాలాసేపయింది. తొట్టి వైపు చూస్తున్నారు.

అవును, మూత కొంచెం లేచింది. అంచున బూడిద రంగులో కనిపిస్తున్నది పాదం. ఇంకాసేపటికి ఎడమ పక్క నుంచి గొట్టం లాంటిది పైకి చాపుతుంది, గాలి పీల్చుకోవడానికి. ఒక్కొక్కరే దగ్గరికి రండి. బల్ల కదపొద్దు, నీళ్లలో వేలు పెట్టొద్దు. ప్రశ్నలుంటే ఇక్కడే నిలబడి మాట్లాడుకుందాం.