ఏకు, మేక, మన పాత గొడవ

రఘు: ఆ, రికార్డవుతోంది. ఇవాళ టాపిక్ జాతీయాలు, తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవి ఎలా చెప్పాలీ అని. వాణీ, మగ్గం గురించి ఎత్తకూడదు, ముందే చెప్తున్నా.

వాణి: నేనెందుకు ఎత్తుతా. పోయిన వారం "ఏకు మేకై కూర్చుంది, మేకలాగా మొండికేసింది" అన్నావు చూడు, అది తేలాకే మిగతావి.

రఘు: అయిపోయింది ఎపిసోడ్.

వాణి: మేక కాదు నాయనా, మేకు! గోడకి కొట్టే మేకు.

రఘు: మెసేజీలొచ్చాయిలే. మన శ్రోత ఒకాయనైతే మేక బొమ్మ పంపారు.

వాణి: ఏకంటే తెలుసా అసలు? దూదిని ఏకి, పలచగా పరిచి, సన్న పుల్లకి చుట్టి పుల్ల లాగేస్తారు, వేలంత దూదిచుట్ట మిగుల్తుంది, రాట్నం మీద దాన్నించే నూలు తీస్తారు, గట్టిగా పట్టుకుంటే నలిగిపోద్ది. ఖద్దరుకి పేరుపడ్డ పొందూరులో అయితే ఆ పత్తి దువ్వడానికి వాలుగ చేప దవడ వాడతారు, దానికి సన్న పళ్ళుంటాయి కదా...

రఘు: వచ్చేసింది మగ్గం.

వాణి: మగ్గం కాదిది, రాట్నం!

(నవ్వులు)

రఘు: సరే, మేక అనుకున్నా అర్థం అందింది కదా?

వాణి: సగం అందింది. మెత్తగా వచ్చినోడు గుచ్చుకోవడం మొదలెట్టాడూ అన్నది పోయింది. మేక మొదట్నించీ మేకేగా.

రఘు: మరి శఠగోపం? శఠగోపుడంటే వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారని ఎంతమందికి తెలుసు? డబ్బు తీసుకుని శఠగోపం పెట్టాడంటే మాత్రం అందరికీ అర్థమైపోద్ది.

వాణి: కానీ గుళ్ళో నెత్తిన పెడితే దీవెన, బయట పెడితే మోసం, టోపీ కూడా నెత్తినే పెడతారు చూడు, ఇది తెలిస్తే ఎంత మజా!

రఘు: మజా వేరు, వాడకం వేరు. "నీళ్ళు నమిలాడు" అంటే నీళ్ళెలా నములుతారని అడుగుతారు, సమాధానం రాక నోరు ఆడిస్తున్నవాణ్ణి ఒక్కసారి చూపిస్తే చాలు, చరిత్ర అక్కర్లేదు.

వాణి: పాయింటే. నాకు నచ్చలేదు గానీ.

రఘు: అసలు నాకు మేక ఎలా పట్టుకుందంటే, మా నాయనమ్మ నన్ను చూసి అదే అనేది, నేను మే మే అని అరుస్తూ ఆవిడ చుట్టూ తిరిగేవాణ్ణి, పడీపడీ నవ్వేది. ఒక్కసారీ దిద్దలేదు.

వాణి: ...నూలు వడికేదా ఆవిడ?

రఘు: వాణీ!

వాణి: అడిగానంతే.

రఘు: వడికేది. రాట్నం అటక మీదుండాలి, సగం విరిగి... ఆగాగు, "తలలో నాలుక" మనం ముట్టుకోనేలేదు.

వాణి: అటక మీదుందా? ఎప్పుడు రాను?