దీపం కదులుతుంది, గోడ కదలదు

అందరికీ నమస్కారం.

ఈరోజు కదిలే బొమ్మల ఫైలు బరువు తగ్గించడం గురించి మాట్లాడుకుందాం. ఒక దీపావళికి చీరల కొట్టు వెబ్‌సైట్ కోసం జిఫ్ యానిమేషన్ చేశాను. జిఫ్ అంటే కొన్ని బొమ్మలు (ఫ్రేములు) వరసగా చూపించి కదిలినట్టు కనిపించే ఫైలు. గూట్లో ప్రమిద, రెపరెపలాడే మంట, వెనక సున్నం వేసిన గోడ. నా కంప్యూటర్లో ముచ్చటగా ఉంది. ఊళ్లో ఉన్న మా అత్తగారికి లింకు పంపాను. కాసేపటికి ఫోన్ చేసి, "చీరలు కనిపిస్తున్నాయి గానీ దీపమేదీ బాబూ?" అన్నారు. ఫైలు చూస్తే నాలుగు ఎంబీ పైనే. తప్పు ఆవిడ ఫోన్‌ది కాదు, నాది.

లెక్క వేద్దాం. బొమ్మ 600 పిక్సెళ్ల వెడల్పు, 600 ఎత్తు. ఒక్క ఫ్రేముకు 3,60,000 పిక్సెళ్లు, 24 ఫ్రేములకు 86,40,000. జిఫ్‌లో పిక్సెల్‌కు ఒక బైటు అనుకుంటే, కుదించకముందు 86 లక్షల బైట్లు. మరి కదిలేదెంత? మంట 60 వెడల్పు, 100 ఎత్తు. 24 ఫ్రేములకూ కలిపి 1,44,000 పిక్సెళ్లే. అంటే నేను గోడను 24 సార్లు పంపించాను!

మొదటి ఫ్రేము పూర్తిగా ఇచ్చి, ఆ తర్వాత మారిన ముక్కను మాత్రమే ఇచ్చే వీలు జిఫ్‌లో ఉంది. జిఫ్‌సికిల్ లాంటి ఉచిత సాధనాలు ఆ పని వాటంతటవే చేస్తాయి. నేనూ వాడాను, పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే అది ఫోన్‌తో తీసిన వీడియో. మన కంటికి గోడ కదలదు గానీ, మసక వెలుతురులో కెమెరా గోడ మీద సన్నటి ఇసుక చల్లినట్టు చుక్కలు పుట్టిస్తుంది, అవి ఫ్రేము ఫ్రేముకూ మారతాయి. సాఫ్ట్‌వేర్ లెక్కలో గోడంతా కదిలినట్టే. చివరికి ఒకే ఫ్రేములోని గోడను అన్ని ఫ్రేముల మీదా పరిచి, మంట ఉన్నచోట మాత్రం కిటికీలా తెరిచి ఉంచాను. అప్పుడు తగ్గింది.

రంగుల సంగతి. పాటల పుస్తకంలో ప్రతి చరణం తర్వాత పల్లవి మొత్తం అచ్చు వేయరు కదా, మొదటి మాట వేసి వదిలేస్తారు. జిఫ్ వాడే ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే కుదింపు పద్ధతీ అంతే. ముందు వచ్చిన వరుస మళ్లీ వస్తే దాని నంబరు మాత్రం రాసుకుంటుంది. జిఫ్ ఒక ఫ్రేముకు ఇచ్చే 256 రంగులు సరిపోక డిథరింగ్ పెడితే, అంటే లేని రంగును ఉన్న రంగుల చుక్కలు కలిపి భ్రమింపజేస్తే, చుక్కలు చెల్లాచెదురై, పల్లవి మళ్లీ దొరకదు. దీపానికి 64 రంగులు పెట్టి, డిథరింగ్ తీసేసి చూడండి. గోడ మీద కాస్త చారలు పడతాయి. నాకది పరవాలేదు, మీ క్లయింటుకు ఎలా ఉంటుందో చెప్పలేను.

నిజానికి వీడియోలోంచి తీసిన బొమ్మకు 1987 నాటి జిఫ్ ఎందుకు? ఎంపీ4 వీడియో ఫైలు చేసి, వెబ్‌పేజీ కోడ్‌లోని వీడియో ట్యాగులో ఆటోప్లే (తనంతట మొదలవడం), మ్యూటెడ్ (శబ్దం లేకుండా), లూప్ (మళ్లీ మళ్లీ), ప్లేస్‌ఇన్‌లైన్ (పేజీలోనే ఆడటం) పెడితే చాలు. చివరిది మర్చిపోతే ఐఫోన్‌లో దీపం తెరంతా ఆక్రమిస్తుంది. మంట వెనకున్న పేజీ కూడా కనపడాలంటే యానిమేటెడ్ వెబ్‌పీ అనే బొమ్మల ఫైలు మేలు. జిఫ్‌లో పిక్సెల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సగం కనపడటం దానికి తెలియదు, అందుకే మంట అంచు కత్తెరతో కోసినట్టు వస్తుంది.

ఇంకొకటి. ఫైలు ఎంత చిన్నదైనా, తెర మీద గీసేటప్పుడు బ్రౌజర్ పిక్సెల్‌కు నాలుగు బైట్లు తీసుకుంటుంది. 600 బై 600 ఫ్రేము ఒక్కటే 14,40,000 బైట్లు. తక్కువ మెమరీ ఉన్న ఫోన్లకు అది బరువే. కొలతలు తగ్గిస్తే తప్ప ఆ బరువు తగ్గదు.

ఇక లాప్‌టాప్‌లు తెరవండి. మీ ఫోల్డర్లో ఆ నాలుగు ఎంబీల దీపమే ఉంది. ముందు గోడను ఆపండి.