డిసెంబరు ఆకాశాన్ని చేత్తో కుట్టాను: కిట్టు కొనాలా, సొంతంగా చేసుకోవాలా?

అందరికీ నమస్కారం. ఈ రోజు బల్ల మీద రెండు ఆకాశాలున్నాయి. ఎడమ వైపున్నది ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలకు కొన్న ఎంబ్రాయిడరీ కిట్టుతో కుట్టింది. కుడి వైపున్నది నేనే గుడ్డ, దారాలు తెచ్చుకుని మూడు వారాల పాటు కుట్టింది. రెండింటినీ దగ్గరగా చూపిస్తాను.

ముందు కిట్టు సంగతి చెబుతాను. పెట్టెలో బొమ్మ అచ్చు వేసిన నల్ల గుడ్డ, చెక్క రింగు, ఎనిమిది రంగుల దారాలు, రెండు సూదులు, చీకట్లో వెలిగే దారం ఒక చుట్ట వచ్చాయి. రింగు చాలా బాగుంది, మర బిగిస్తే గుడ్డ డప్పులా నిలుస్తోంది. దారాలకూ వంక పెట్టను. నా బాధంతా బొమ్మతోనే. చందమామ, మూడు కొండలు, పైన నలభై చుక్కలు. ఆ చుక్కలు ఏ నెలలోవి, ఏ దిక్కువి అంటే జవాబు లేదు. ఖాళీ ఉన్న చోటల్లా ఒక చుక్క పెట్టారు. ఆకాశం పేరు చెప్పి అమ్మేటప్పుడు అందులో ఒక్క నక్షత్రమైనా తన చోట తాను ఉండాలి కదా!

ఈ మాట అంటున్నప్పుడు నా మనసులో ఉన్నది ఒక పాత బొంత. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎలెన్ హార్డింగ్ బేకర్ అనే ఆవిడ సౌర కుటుంబాన్ని ఉన్ని గుడ్డ మీద కుట్టింది. సూర్యుడు, గ్రహాల కక్ష్యలు, ఒక తోకచుక్క అన్నీ ఉన్నాయి. దాని మీద 1876 అని సంవత్సరం కూడా కుట్టింది. ఖగోళ శాస్త్రం మీద ప్రసంగించేటప్పుడు దాన్నే తెరలా వాడేది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. ఆవిడకు ఆకాశం అలంకారం కాదు, పాఠం. నేనూ అలాంటిదే చిన్నగా చేయాలనుకున్నాను.

అందుకని డిసెంబరు మొదటి వారంలో రాత్రి ఎనిమిదిన్నరకు మా మిద్దె మీద తూర్పు ముఖంగా నిలబడితే కనిపించేది ఏదో అదే కుట్టాను. పైన కృత్తికలు అనే చిన్న చుక్కల గుంపు. వాటి కింద రోహిణి నక్షత్రం. ఇంకా కిందికి వస్తే వరుసగా మూడు చుక్కలు, అంటే వేటగాడిలా ఊహించే ఓరియన్ నక్షత్ర మండలానికి నడుము పట్టీ. ఆ వరుసనే నేల వైపు పొడిగిస్తే అప్పుడే పైకి లేస్తున్న సిరియస్, మన లుబ్ధకం. మీరు చూసే ఓరియన్ బొమ్మలు చాలావాటిలో వేటగాడు నిటారుగా నిలబడి ఉంటాడు, నడుము పట్టీ అడ్డంగా ఉంటుంది. మన ప్రాంతంలో ఉదయించేటప్పుడు అతడు పక్కకు ఒరిగి ఉంటాడు. ఆ మూడు చుక్కలు ఇంచుమించు నిలువుగా, ఒకదాని కింద ఒకటిగా వస్తాయి. ఎడమ పక్కన ఎర్రటి ఆర్ద్ర, కుడి పక్కన తెల్లటి రిగెల్. అందుకే నా గుడ్డ ఇలా నిలువుగా, పొడుగ్గా ఉంది.

బొమ్మను గుడ్డ మీదికి దించడానికి చీరల మీద డిజైన్లు వేసేవాళ్ల పద్ధతే వాడాను. ట్రేసింగ్ కాగితం మీద ప్రతి చుక్కకూ సూదితో బెజ్జం పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని పైన రుద్దితే తెల్లటి గుర్తులు పడతాయి. ఒక్క జాగ్రత్త. కాగితం బోర్లా పడితే ఆర్ద్ర, రిగెల్ చోట్లు మారిపోతాయి. ఎడమ అంచున ‘ఉత్తరం’ అని రాసుకోండి.

గుడ్డ దగ్గర నేను గట్టి దెబ్బ తిన్నాను. మొదట తెచ్చిన ముదురు నీలం గుడ్డ, కుట్టు పూర్తయ్యాక తడపగానే రంగు దిగింది. తెల్లటి ముడులన్నీ నీలమైపోయాయి. తొమ్మిది రోజుల పని పోయింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండోసారి తెచ్చిన ఖద్దరును నీళ్లు తేటగా వచ్చేదాకా ఐదుసార్లు ఉతికిన తర్వాతే రింగుకు ఎక్కించాను. ముదురు రంగు మీద కుట్టేటప్పుడు ఒళ్లో తెల్ల తువ్వాలు పరుచుకోండి. నేత సందుల్లోంచి ఆ తెలుపు కనిపించి సూది ఎక్కడ దిగాలో తెలుస్తుంది.

ఇక నక్షత్రాలు. అన్నీ ఫ్రెంచ్ నాట్లే, అంటే ముడికుట్టు. మామూలుగా పెద్ద చుక్క కావాలంటే సూదికి దారం ఎక్కువ చుట్లు చుడతారు. మూడు చుట్లు దాటితే ముడి వదులై పక్కకు వాలిపోతుంది. చుట్లు కాదు, పోగులు పెంచండి. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి కదా. రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్, దానికి ఆరు పోగులూ పెట్టాను. రిగెల్, ఆర్ద్ర, రోహిణులకు నాలుగు. నడుము పట్టీకి మూడు. కృత్తికలకు ఒక్కటే పోగు. సూదిని పైకి తీసిన బెజ్జంలోనే మళ్లీ దించితే ముడి వెనక్కి జారిపోతుంది. నేతలో ఒక్క పోగు దూరంలో దించండి. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఇదిగో, రిగెల్ ముడి. ఆవగింజలా గుండ్రంగా, నడుమ చిన్న గుంటతో ఎలా కూర్చుందో చూడండి. ఇలా కూర్చోవడానికి ఎడమ చేత్తో దారాన్ని చివరిదాకా బిగువుగా పట్టుకోవాలి.

రంగుల విషయం. ఆర్ద్ర, రోహిణి నారింజ ఛాయలో ఉంటాయి, వాటి ఉపరితలం చల్లన కాబట్టి. రిగెల్ చాలా వేడి, అందుకే నీలం కలిసిన తెలుపు. 2019 చివర్లో, 2020 మొదట్లో ఆర్ద్ర బాగా మసకబారింది. ఆ చలికాలం కుట్టి ఉంటే దానికి మూడు పోగులే పెట్టేదాన్ని.

కృత్తికల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. నా కొలతలో ఆకాశంలోని ఒక డిగ్రీకి గుడ్డ మీద ఆరున్నర మిల్లీమీటర్లు. ఆ లెక్కన కృత్తికలన్నీ చిటికెన వేలి గోరంత చోటులో ఇమడాలి. అందులో ఆరు ముడులు, ఒకదానికొకటి తగలకుండా! మూడుసార్లు విప్పి, నాలుగోసారి పగటి వెలుతురులో కిటికీ పక్కన కూర్చుని కుడితే కుదిరాయి. మా అమ్మకు నేనేమీ చెప్పలేదు. గుడ్డ మీద వేలు పెట్టి, “పిల్లలకోడి కదే ఇది!” అంది. కిట్టు చుక్కలను చూసి ఎవరూ అలా పేరు పెట్టి పిలవలేరు. నాకు ఈ రెండింటి మధ్య తేడా అదే.

ఒప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లుబ్ధకానికి మొదట లంబాడీ కుట్టులోలా చిన్న అద్దం పెట్టాను. అందంగానే ఉంది కానీ కళ్లన్నీ దాని మీదికే పోతున్నాయి, తీసేశాను. కిట్టులోని వెలిగే దారం ప్లాస్టిక్‌లా జారుతుంది, చివర్లు విడిపోతాయి. అడుగు పొడవు ముక్కలుగా వాడితేనే లొంగుతుంది. పిల్లల గదికైతే సరదాగా ఉంటుంది, నా ఆకాశంలో మాత్రం వాడలేదు.

ఎప్పుడూ సూది పట్టనివారు కిట్టుతోనే మొదలుపెట్టండి, రింగు కోసమైనా ఆ డబ్బుకు నష్టం లేదు. ముడికుట్టు వచ్చినవారు మాత్రం కిట్టు జోలికి పోవద్దు. నాకు గుడ్డ, దారాలు, సూదులు కలిపి కిట్టు ధరలో సగం కూడా కాలేదు.

చివరిగా ఫ్రేము కట్టించేవారికి. ఇస్త్రీ వెనక వైపు నుంచే చేయాలి, కింద మందపాటి తువ్వాలు వేసి. లేకపోతే ముడులు చప్పిడి అయిపోతాయి. అద్దం వేయిస్తే అది గుడ్డకు ఆనకుండా నడుమ సన్నటి చెక్క పట్టీ పెట్టమని ఫ్రేముల దుకాణంలో ముందే చెప్పండి. ఎండ తగిలే గోడకు తగిలించకండి, ఖద్దరు నీలం వెలిసిపోతుంది.